ఖస్సీ, ఖోజా, ఖ్వాజా: పౌరుషగ్రంథి ఇలాజు కథ

మన తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఫార్సీ మాటల్లో కొన్నిటికి ఇజ్జత్ పెరిగింది, కొన్నిటికి పోయింది. 'ఖ్వాజా' అంటే ఫార్సీలో యజమాని, పెద్దమనిషి. అజ్మీరు ఖ్వాజా గరీబ్ నవాజ్ దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. అదే మాట సుల్తానుల జనానాల్లో కాపలా కాసే, వృషణాలు తీసేసిన నౌకర్లకు హోదా పేరయ్యింది. వాళ్ళను ఖ్వాజాసరాలు అన్నారు. జనం నోట్లో నలిగి అది ఖోజా అయ్యింది. తెలుగులోకి వచ్చేసరికి కొజ్జా అయ్యి తిట్టుగా మిగిలింది.

ఖస్సీ అనేది ఇంకో మాట. అరబ్బీ నుంచి వచ్చింది. వృషణాలు తీసేసిన, లేదా నొక్కేసిన జంతువు అని అర్థం. బక్రీదు ముందు మా పుంగనూరు పక్క సంతల్లో పొట్టేలును బేరం చేసేటప్పుడు "ఖస్సీదేనా భాయ్?" అని అడగడం మామూలే. ఖస్సీ జంతువు ఖుర్బానీకి జాయజే. ప్రవక్త (స) ఖుర్బానీ ఇచ్చిన పొట్టేళ్ళు ఖస్సీవని హదీసుల్లో ఉంది కూడా. జంతువుకు అన్నప్పుడు ఈ మాటలో తప్పేమీ లేదు. మనిషికి అన్నప్పుడే కత్తిలా దిగుతుంది.

ఈ రెండు మాటల సంగతి ఎందుకు ఎత్తానంటే, ఒక మర్జ్‌కూ దాని ఇలాజుకూ మధ్య ఇవి గోడలా నిలబడి ఉన్నాయి. ఆ మర్జ్ ప్రోస్టేట్ కేన్సరు. అది ముదిరి ఎముకలకు పాకిన తర్వాత ఇచ్చే మొదటి ఇలాజు 1941 నుంచి ఈనాటి దాకా ఒకటే. ఒంట్లో మగ హార్మోను తయారుకాకుండా ఆపడం, లేదా అది పనిచేయకుండా అడ్డుకోవడం. ఆపరేషనుతో ఆపవచ్చు, ఇంజెక్షనుతో ఆపవచ్చు, మాత్రలతో అడ్డుకోవచ్చు. దారి ఏదైనా ఉసూలు ఒకటే. ఈ ఉసూలు మనిషికి ఎలా తెలిసింది, దాని వెనక ఎన్ని ఎద్దులు, కుక్కలు, గొర్రెలు, పందులు, ఖోజాలు ఉన్నారు అనేదే ఈ వ్యాసం.

ముందు ఆ గ్రంథి పేరు చూద్దాం. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ, అక్రోటు కాయంత ఉంటుంది. మగవాళ్ళకే ఉంటుంది. ప్రోస్టేట్ అనే గ్రీకు మాటకు ముందు నిలబడేది అని అర్థం. యూనానీ హకీములు ఉర్దూలో దీన్ని గుద్దా-ఎ-ఖుదామియా అంటారు, అంటే ముందుండే గ్రంథి. గ్రీకువాళ్ళూ, అరబ్బులూ అది ఎక్కడుందో చూసి పేరు పెట్టారు. తెలుగులో మాత్రం పౌరుషగ్రంథి అన్నాం. పేరులోనే పౌరుషం చేరిపోయింది. అలాంటి గ్రంథికి జబ్బు చేసిందంటే ఏ మర్ద్ నోరు తెరిచి చెప్పుకుంటాడు?

వయసు మళ్ళిన మగవాళ్ళలో ఈ గ్రంథి మామూలుగానే పెరుగుతుంది. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం, అయిపోయాక కూడా చుక్కలు పడడం దాని గుర్తులు. ఇవన్నీ కేన్సరు గుర్తులు కావు. ఎక్కువమందిలో అది వట్టి వాపే. కానీ కొందరిలో లోపల కేన్సరు ఉంటుంది. రెండింటినీ తేల్చాలంటే పరీక్ష చేయించుకోవాలి.

మన బుజుర్గులకు ఇక్కడే ఇంకో ముష్కిలు వస్తుంది. చుక్కలు పడితే వజూ పోయిందేమోనని షక్. ఆ షక్‌తో కొందరు జమాత్‌కు రావడమే మానేస్తారు. మస్జీదులో ముందు సఫ్‌లో నిలబడే మనిషి మెల్లగా వెనక సఫ్‌కు, ఆ తర్వాత ఇంటికి జారిపోతాడు. ఎందుకు రావట్లేదని ఎవరూ అడగరు. నిజానికి మన హనఫీ ఫిఖ్హ్‌లో ఇలా ఆగకుండా మూత్రం కారే మనిషిని మాజూర్ అంటారు. ప్రతి నమాజు వక్తుకు ఒకసారి వజూ చేసుకుంటే చాలు, ఆ వక్తులో చుక్కలు పడినా నమాజు చెల్లుతుంది. దీన్‌లో ఇంత ఆసానీ ఉన్నా జనంలో చెప్పేవాళ్ళు తక్కువ. జబ్బు మొదటి గుర్తును షరమ్ ఇలా దాచిపెడుతుంది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. పుంగనూరు పేరు దేశమంతా తెలిసింది మా పొట్టి ఆవుల వల్ల. మీటరు ఎత్తు కూడా ఉండని ఈ జాతిని పాలమనేరు పశు పరిశోధనా స్థానంలో కాపాడుతున్నారు. ఆవులు ఉన్నచోట ఎద్దుల సంగతి రైతులకు ఎవరూ నేర్పక్కరలేదు. కోడెదూడకు వృషణాలు నొక్కిస్తే కాడికి లొంగుతుంది. కోపం తగ్గుతుంది. మెడ, మూపురం ఆబోతుకు బలిసినట్టు బలియవు. మగ జంతువు ఒంట్లో మగ లక్షణాలన్నీ ఆ రెండు గుడ్లనుంచే వస్తాయని మన రైతుకు వేల ఏళ్ళుగా తెలుసు. అయితే లోపల దాగిన ప్రోస్టేట్ కూడా దాంతోపాటే ముడుచుకుపోతుందని కోసి చూస్తే తప్ప కనిపించదు. లండన్ సర్జన్ జాన్ హంటర్ కోసి చూశాడు. ఖస్సీ జంతువుల్లో ప్రోస్టేట్ చిన్నదిగా, గట్టిపడి ఉంటుందని 1786లో రాశాడు. వృషణాలు లేకపోతే ప్రోస్టేట్ బతకదన్న సంగతి అప్పుడే కాగితం మీదికి వచ్చింది. ఇలాజుకు పనికి రావడానికి ఇంకో నూటయాభై ఏళ్ళు పట్టింది.

1853లో లండన్‌లోనే జాన్ ఆడమ్స్ అనే డాక్టరు ప్రోస్టేట్ కేన్సరు కేసును వర్ణించి, ఇది చాలా అరుదైన జబ్బు అన్నాడు. ఆ రోజుల్లో మనుషులు ఈ జబ్బు వచ్చే ఉమ్ర్ దాకా బతికేది తక్కువ. బతికినవాళ్ళు నడుంనొప్పితో పోతే వాతం అనుకునేవారు. 1895లో ఫిలడెల్ఫియా సర్జన్ విలియం వైట్ ప్రోస్టేట్ వాపుతో మూత్రం ఆగిపోయినవాళ్ళకు వృషణాలు తీసేసి, అలాంటి 111 మంది ఫలితాలను అచ్చు వేయించాడు. చాలామందికి గ్రంథి తగ్గింది. కానీ ఆపరేషన్ తర్వాత చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ పద్ధతి మరుగునపడింది.

అప్పటికి హార్మోను అనే మాట ఇంకా పుట్టలేదు. వృషణాల్లోంచి ఏదో రక్తంలో కలుస్తోందని తెలుసుగానీ ఆ 'ఏదో' ఏమిటో తెలియదు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాక్వెర్ బృందం దాన్ని శుద్ధంగా బయటికి తీసి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టింది. దాదాపు 100 కిలోల ఆబోతు వృషణాలనుంచి వాళ్ళకు దొరికింది 10 మిల్లీగ్రాములు. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా అనే ఇద్దరు కెమిస్టులు వేర్వేరుగా దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. చార్లెస్ హగిన్స్ కెనడాలో 1901లో పుట్టాడు. షికాగో యూనివర్సిటీలో మూత్ర సంబంధ జబ్బుల సర్జన్. మనిషి కాకుండా ముసలితనంలో ప్రోస్టేట్ గడ్డలు వచ్చే జంతువులు చాలా తక్కువ. వాటిలో కుక్క ఒకటి. హగిన్స్ మగ కుక్కల ప్రోస్టేట్ ద్రవాన్ని రోజూ కొలిచాడు. వృషణాలు తీసేస్తే ద్రవం ఆగిపోయింది. టెస్టోస్టెరోన్ ఇస్తే మళ్ళీ ఊరింది. ఆడ హార్మోను ఇస్తే మళ్ళీ తగ్గింది. గడ్డలున్న కుక్కల్లో గడ్డలు కూడా అలాగే కుంచించుకుపోయాయి. అప్పుడు ఆయనకు వచ్చిన సవాలు ఒకటే: మనిషిలో కేన్సరు కణాలు కూడా ఇలాగే హార్మోను తిని బతుకుతున్నాయా?

అప్పటిదాకా డాక్టర్ల నమ్మకం వేరు. కేన్సరు కణం ఎవరి మాటా వినని బాగీ, అంటే తిరుగుబాటుదారు, దానికి ఒంటి హుకుములు పట్టవని అనుకునేవారు. హగిన్స్ తన శిష్యుడు క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి 1941లో దీన్ని పరీక్షించాడు. ఎముకలకు కేన్సరు పాకినవాళ్ళ రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే పదార్థం పెరుగుతుందని 1938లోనే న్యూయార్కులో గట్మన్ దంపతులు చూపించారు. హగిన్స్ దాన్ని తూకపు రాయిగా వాడుకున్నాడు. వృషణాలు తీసేస్తే అది పడిపోయింది. టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్ళీ పెరిగింది. కేన్సరు బాగీయే, కానీ దాని రసదు రాజుగారి ఖజానానుంచే వస్తోంది. ఖజానాకు తాళం వేస్తే ఫౌజు పస్తులుంటుంది.

ఆ ఏడాదే 21 మంది రోగులకు ఆపరేషను చేసిన వివరాలు వచ్చాయి. ఎముకల నొప్పితో మంచం దిగలేని మనుషుల్లో చాలామంది కొద్దిరోజుల్లోనే లేచి నడిచారు. ఒక కేన్సరును కత్తిరించి పారేయకుండా, రేడియంతో కాల్చకుండా, ఒంటి రసాయనాన్ని మార్చి అణచవచ్చని తేలింది. 25 ఏళ్ళ తర్వాత 1966లో హగిన్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1945లో ఆయన ఇంకో అడుగు కూడా వేశాడు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా కొంచెం మగ హార్మోనును తయారు చేస్తాయి గదా అని వాటినీ తీసేసి చూశాడు. ఆ రోజుల్లో అది మనిషి తట్టుకోలేని ఆపరేషను. కానీ ఆలోచన సరైనదే. ఆ ముచ్చట మళ్ళీ వస్తుంది.

ఆపరేషను వద్దనేవాళ్ళకు అప్పుడే ఒక మాత్ర దొరికింది. లండన్‌లో చార్లెస్ డాడ్స్ 1938లో స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఆడ హార్మోనును తయారు చేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు. అందువల్ల చాలా చవగ్గా దొరికింది. దశాబ్దాల పాటు గరీబులకు అదే దవా. కానీ 1960లలో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వేలమందిని పరిశీలిస్తే, రోజుకు 5 మిల్లీగ్రాములు తిన్నవాళ్ళలో గుండెజబ్బుతో, రక్తం గడ్డకట్టి పోయినవాళ్ళు ఎక్కువని తేలింది. కేన్సరును ఆపిన మాత్ర గుండెను ఆపుతోంది.

అప్పుడు చూపు మెదడు మీదికి మళ్ళింది. వృషణాలకు హుకుం ఇచ్చేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి. పిట్యూటరీకి హుకుం ఇచ్చేది దానిపైన ఉన్న హైపోథాలమస్. ఆ హుకుం ఏ రూపంలో వస్తుందో కనుక్కోవడానికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్మిన్ అనే ఇద్దరు అమెరికాలో ఏళ్ళపాటు ఒకరితో ఒకరు పంతం పట్టి పరిగెత్తారు. గిల్మిన్ లక్షల గొర్రెల మెదళ్ళను సేకరించాడు. షాలీ కబేళాలనుంచి లక్షకు పైగా పందుల మెదళ్ళను తెప్పించాడు. 1971లో షాలీ బృందం పది అమైనో ఆమ్లాల ఆ గొలుసును విప్పి చెప్పింది. 1977 నోబెల్‌ను ఇద్దరూ పంచుకున్నారు, రోజలిన్ యాలో అనే మహిళతో కలిసి. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు. గిల్మిన్ నూరేళ్ళు నిండాక పోయాడు.

ఇక్కడ నన్ను అడిగినవాళ్ళు ఉన్నారు: పంది మెదడుతో కనుక్కున్న దవా మనకు హలాలేనా అని. ఆ గొలుసును చదవడానికే పంది మెదడు వాడారు. ఈనాటి ఇంజెక్షన్లలోని లూప్రొలైడ్, గొసెరెలిన్ రసాయనాలతో తయారైనవి, పందినుంచి తీసినవి కావు. అయితే నెలల తరబడి మెల్లగా కరిగే కొన్ని లూప్రొలైడ్ రకాల్లో జెలటిన్ కలుపుతారు. అనుమానం ఉన్నవాళ్ళు డాక్టరునూ, ఆలిమ్‌నూ అడిగి తెలుసుకోవచ్చు. అడిగి తెలుసుకోవాలి గానీ, అనుమానంతో ఇంజెక్షను మానుకోకూడదు.

ఈ మందు పనిచేసే తీరు విచిత్రం. హైపోథాలమస్ హుకుం ఆగి ఆగి వస్తుంది, తలుపు తట్టినట్టు. అలా తడితేనే పిట్యూటరీ తలుపు తీస్తుంది. ఎడతెగకుండా తడుతూ ఉంటే లోపలివాళ్ళు చెవులు మూసుకుంటారు. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల్లో దీన్ని రుజువు చేసింది. లూప్రొలైడ్ చేసేది అదే. మొదటి వారం రెండు వారాలు తట్టడం ఎక్కువై మగ హార్మోను పెరుగుతుంది. అందుకే మొదట్లో కొందరికి నొప్పులు ఎక్కువవుతాయి. దాన్ని అడ్డుకోవడానికి బైకలూటమైడ్ లాంటి మాత్రను ముందుగా ఇస్తారు. మూడు నాలుగు వారాల్లో హార్మోను ఖస్సీ స్థాయికి పడిపోతుంది. అమెరికాలో 1985లో లూప్రొలైడ్‌కు ఇజాజత్ వచ్చింది. 2008లో వచ్చిన డెగరెలిక్స్ మొదటి పెరుగుదల లేకుండానే నేరుగా తలుపు మూస్తుంది.

ఇక ఆపరేషను సంగతి. చిన్న ఆపరేషను. ఒక్కసారి చేస్తే చాలు. సగం రోజులో హార్మోను పడిపోతుంది. ఆయుష్షు విషయంలో ఆపరేషనూ ఇంజెక్షనూ రెండూ సమానమని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంజెక్షను నెలకోసారి, లేదా మూడు నెలలకోసారి, బతికినంతకాలం వేయించుకోవాలి. ఖర్చు ఆగదు. మరి గరీబు ఏది ఎంచుకోవాలి? లెక్క ప్రకారం ఆపరేషను. కానీ లెక్కలు వేరు, మనిషి మనసు వేరు.

మా మామూ ఒకాయన, డెబ్బై దాటిన మనిషి, రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా నడుంనొప్పికి నూనెలు రాసుకున్నాడు. చివరికి బెంగుళూరులో ఒక దవాఖానాకు తీసుకెళ్ళాం. ఎముకల స్కానులో వెన్నుపూసలన్నీ నల్లచుక్కలే. డాక్టరు రెండు దారులూ చెప్పాడు. బయటికి వచ్చాక మామూ నా చేయి పట్టుకుని, "నన్ను ఖస్సీ చేయించడానికా బేటా ఇంత దూరం పిలుచుకొచ్చినావు?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నెలలోపే నొప్పి తగ్గింది, మస్జీదుకు నడిచి వెళ్ళాడు. ఆరోదో ఏడోదో ఇంజెక్షను దగ్గర పైసలు అందలేదు. నాలుగు నెలలు ఆలస్యమయ్యింది. నొప్పులు తిరిగొచ్చాయి. అప్పుడు తనే ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చాక ముమానీతో ఆయన అన్న మాట ఇది: "వాళ్ళు తీసిందాని కోసమా నేను ఇన్నాళ్ళు భయపడింది?" ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. తన కాళ్ళమీద నడిచాడు. మనవరాలి నిఖా చూశాడు.

మామూకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు చరిత్రలో ఉంది. 1309లో అలావుద్దీన్ ఖిల్జీ పంపిన ఫౌజు ఢిల్లీనుంచి బయలుదేరి మన ఓరుగల్లు కోటను ముట్టడించింది. కాకతీయ ప్రతాపరుద్రుడు 1310లో సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, ఖజానా ఇచ్చి పంపాడు. ఆ ఫౌజుకు సిపాసాలారు మలిక్ కాఫూర్. 1299లో ఖంబాయత్‌లో బందీగా దొరికిన గులాం. వెయ్యి దీనార్ల వాడని హజార్ దీనారీ అనేవారు. ఆయన ఖోజా. ఓరుగల్లు తర్వాత ద్వారసముద్రం, మదురై దాకా వెళ్ళాడు. ఆయన చేసిన యుద్ధాల్లో మంచిచెడ్డలు వేరే చర్చ. ఓరుగల్లు జనానికి అది ముసీబత్ కాలమే. కానీ వృషణాలు లేని మనిషి పిరికివాడై మూల కూర్చుంటాడన్న మాట ఓరుగల్లు కోటగోడ దగ్గరే అబద్ధమైపోయింది.

మనిషిని బలవంతంగా ఖోజాను చేయడం జుల్మ్. అందులో రెండో మాట లేదు. సంసారం వదిలి ఇబాదత్‌లో ఉంటానన్న ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి)కు ప్రవక్త (స) అనుమతి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే మేం ఖస్సీ చేయించుకునేవాళ్ళమని ఒక సహాబీ అన్నట్టు బుఖారీలో ఉంది. అక్కడ కాదన్నది సేహత్ ఉన్న ఒంటిని పాడుచేసుకోవడం. ప్రాణం నిలబెట్టే ఇలాజు వేరు. కుళ్ళిన వేలును తీసేయించుకున్నవాణ్ణి చేయి నరుక్కున్నాడని ఎవరం అనం గదా.

ఖోజాలు వైద్యానికి కూడా ఒక గవాహీ ఇచ్చారు. చైనా చివరి రాజవంశం కొలువులో పనిచేసిన ఖోజాలు 1960లో ఇంకా కొందరు బతికి ఉన్నారు. బీజింగ్ డాక్టర్లు వూ జీపింగ్, గూ ఫాంగ్‌లియూ అలాంటి 26 మందిని పరీక్షించారు. 21 మందిలో ప్రోస్టేట్ వేలికి తగలనేలేదు, మిగతావారిలో చాలా చిన్నది. ఈ వూ జీపింగ్ షికాగోలో హగిన్స్ దగ్గర చదువుకున్న మనిషే.

అయితే ఖజానాకు తాళం వేసినా ఫౌజు ఎల్లకాలం పస్తులుండదు. ఎముకలకు పాకిన జబ్బులో ఒక్క ఈ ఇలాజుతోనే చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్ళలో కేన్సరు మళ్ళీ తల ఎత్తుతుంది. కొద్దిపాటి హార్మోనుతోనే బతకడం నేర్చుకుంటుంది, లేదా దొంగదారిన తెచ్చుకుంటుంది. ఇక్కడే హగిన్స్ 1945 ఆలోచన మాత్ర రూపంలో తిరిగొచ్చింది. లండన్ కేన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన అబిరాటెరోన్ అడ్రినల్‌లో, కేన్సరు కణంలో కూడా మగ హార్మోను తయారుకాకుండా ఆపుతుంది. 2011లో అమెరికాలో ఇజాజత్ వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఎంజలూటమైడ్ కణం లోపల హార్మోను కూర్చునే కుర్చీని లాగేస్తుంది. దాన్ని కాలిఫోర్నియాలో చార్లెస్ సాయర్స్, మైఖేల్ జంగ్ కనిపెట్టారు. జబ్బు తిరగబడే దాకా ఆగకుండా మొదటినుంచే ఇంజెక్షనుతో పాటు ఇలాంటి మందును కలిపి ఇస్తే ఎక్కువకాలం బతుకుతారని 2017 తర్వాత తేలిపోయింది.

ఇవి మొదట లక్షల మీద ఉన్న మందులు. మన దాకా ఎలా వచ్చాయన్నది ఇంకో చరిత్ర. 1935లో ఖ్వాజా అబ్దుల్ హమీద్ ముంబైలో సిప్లా కంపెనీ పెట్టారు. చూశారా, ఖ్వాజా అనే మాట ఇక్కడ మళ్ళీ ఇజ్జత్‌తో నిలబడింది. ఆయన కొడుకు యూసుఫ్ హమీద్ 1936లో విల్నియస్‌లో పుట్టారు. పదేళ్ళ ముందు అదే ఊళ్ళో పుట్టినవాడు ఆండ్రూ షాలీ. ఒకరు హార్మోను తాళంచెవిని కనుక్కున్నారు, ఒకరు గరీబుకు మందు అందే దారికోసం పోరాడారు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ నివేదిక మీద ఆధారపడిన 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. 2005 దాకా మన దేశంలో మందు పదార్థం మీద పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతి మీదే. ఆ ముప్పై మూడేళ్ళలోనే హైదరాబాదు మందుల పట్నమయ్యింది. అక్కడి ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2012లో హైదరాబాదు నాట్కో కంపెనీకి సొరాఫెనిబ్ అనే కేన్సరు మందు మీద దేశంలో మొదటి తప్పనిసరి లైసెన్సు దొరికింది. నెలకు 2,80,000 రూపాయల మందు 8,880కు దిగింది. 2016లో ఎంజలూటమైడ్ పేటెంటు దరఖాస్తును మన పేటెంటు ఆఫీసు తోసిపుచ్చింది. అబిరాటెరోన్‌ను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఈరోజు మన దేశంలో చాలా కంపెనీలు దాన్ని తయారు చేస్తున్నాయి.

ఇంకా చవగ్గా వాడే దారి కూడా తెలిసింది. అబిరాటెరోన్‌ను మామూలుగా ఖాళీ కడుపుతో 1000 మిల్లీగ్రాములు తీసుకోవాలి, దానితో ప్రెడ్నిసొలోన్ కూడా. 250 మిల్లీగ్రాములను నాశ్తాతో తీసుకున్నా పీఎస్‌ఏ దాదాపు అంతే తగ్గిందని 2018లో షికాగో డాక్టర్లు చిన్న పరిశోధనలో చూపించారు. హగిన్స్ యూనివర్సిటీ నుంచే ఈ ఖబరూ వచ్చింది. అయితే ఇది డాక్టరు తేల్చాల్సిన సంగతి. ఎవరూ సొంతంగా మాత్రలు తగ్గించుకోకూడదు.

పుంగనూరు మనిషికి దారులు ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ. బెంగుళూరులో రఫీ అహ్మద్ కిద్వాయి పేరు మీద 1973లో వెలిసిన కేన్సరు ఆసుపత్రి ఉంది. వేలూరులో సీఎంసీ ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల కేన్సరు ఆసుపత్రి కూడా వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చినా, కేన్సరు ఇలాజు అందులో ఉంది. ఇంజెక్షను దాని కింద వస్తుందా, ఆపరేషను వస్తుందా, ఎన్ని నెలలకు వస్తుందనేది మొదటిరోజే అడిగి తేల్చుకోండి. మొదలుపెట్టి మధ్యలో ఆపడం కన్నా ముందే లెక్క చూసుకోవడం మేలు.

హార్మోను తగ్గితే వచ్చే తిప్పలు కూడా దాచకూడదు. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు, చెమటలు వస్తాయి, మన ఆడవాళ్ళకు నెలసరి ఆగినప్పుడు వచ్చినట్టే. కోరిక తగ్గుతుంది. నీరసం ఉంటుంది. ఎముకలు పలచబడతాయి. షుగరు, గుండెజబ్బు పెరిగే ఖతరా ఉంది. రోజూ నడక, కాల్షియం, షుగరు పరీక్ష తప్పవు. భార్యకు కూడా ఈ సంగతులు డాక్టరు ముందే చెప్పాలి. ఆమెకు తెలియకపోతే ఇంట్లో ఇంకో దుఃఖం మొదలవుతుంది. కేన్సరు వెన్నులో ఉన్నవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా అదే రోజు దవాఖానాకు పరిగెత్తాలి. ఒకరోజు ఆలస్యమైతే కాళ్ళు శాశ్వతంగా పోవచ్చు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో టీబీ శానిటోరియం తెరిచిన రోజుల్లో ఆ జబ్బు పేరు ఎత్తితే పెళ్ళి సంబంధాలు తప్పిపోయేవి. ఇప్పుడు జనం టీబీ మాత్రలు మింగుతూ ఆ సంగతి పక్కింటివాళ్ళకు చెబుతున్నారు. షరమ్ పోవడానికి మందు ఒక్కటే చాలలేదు, మాట కూడా కావలసి వచ్చింది. జుమ్మా రోజు ఖుత్బా ముందు చేసే బయాన్‌లో ఇమామ్ సాహెబులు మాజూర్ మసాయిల్ ఐదు నిమిషాలు చెబితే, ఎందరో బుజుర్గులు తమ మర్జ్‌ను బయటపెడతారు.

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దాయన రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నాడో, జమాత్‌కు ఎందుకు రావట్లేదో, నడుంనొప్పి ఎన్నాళ్ళనుంచో అడగండి. అడగడానికి కొడుకులకు మొహమాటమైతే మనవళ్ళు అడగొచ్చు. తాతలు మనవళ్ళకు అబద్ధం చెప్పరు.